కంపెనీ ఇచ్చిన గుర్రం

ఏ కంపెనీ ఎలాంటిదో నేను కుర్చీలు చూసి చెప్పేస్తాను. యాభై కుర్చీలు అడిగితే మొక్కలు నాటడానికి వస్తున్నారన్నమాట. నూటయాభై అడిగితే ఏదో గదికి రిబ్బను కత్తిరిస్తారు. కుర్చీలకు తెల్లగుడ్డ తొడిగి వెనకాల ముడి వెయ్యమన్నారంటే విశాఖపట్నం నుంచి పెద్దసారు దిగుతున్నట్టే. అనంతగిరిలో నాది టెంట్ హౌసు. షామియానాలు, మైకు సెట్టు, శిలాఫలకం మీద కప్పే సిల్కు తెర, రిబ్బను, కత్తెర, కత్తెర పెట్టే పళ్ళెం అన్నీ నా దగ్గరే దొరుకుతాయి. ఈ కొండల్లో పన్నెండేళ్ళుగా ఏ కంపెనీ ఏ మంచిపని మొదలుపెట్టినా నా కత్తెరతోనే మొదలుపెట్టింది. ఆ పని తర్వాత ఏమైందో మాత్రం నన్ను అడగొద్దు. సాయంత్రానికల్లా నేను కుర్చీలు ఎత్తుకొచ్చేస్తాను.

కంపెనీలు తమ లాభంలో కొంత జనం కోసం ఖర్చు పెట్టాలని చట్టం ఉందట. ఆ ఖర్చేదో మార్చి నెలాఖరులోగా అయిపోవాలని వాళ్ళ కంగారు. ఫిబ్రవరి దాకా ఇటు తొంగిచూడని జీపులు మార్చిలో వరసకట్టి ఘాట్ రోడ్డు ఎక్కుతాయి. కొండల్లోని గిరిజనులకు ఇది అలవాటైపోయింది. ఇప్పపూలు రాలడం మొదలవగానే "ఇంక కంపెనీవోళ్ళు దిగుతారు" అనుకుంటారు.

ఈ కథ నా గుర్రానిది కాబట్టి దాని సంగతి ముందే చెప్పాలి. పేరు సుందరి. తెల్లటి ఆడగుర్రం. పార్వతీపురంలో బ్యాండు మేళం పెట్టిన ఒకాయన దగ్గర పిల్లగా ఉన్నప్పుడు కొన్నాను. పెళ్ళి ఊరేగింపులకు తప్ప ఇంకే పనికీ పంపను. దానికి ముఖమల్ జీను, మువ్వల పట్టీలు, నుదుటికి అద్దాల బిళ్ళ ఉన్నాయి. రోజూ పొద్దున్నే జూలు దువ్వి బెల్లం ముక్క పెడతాను. "పెళ్ళై ఇరవయ్యేళ్ళయింది, నా జడ ఒక్కపాలైనా దువ్వేవేటి?" అని మా ఆవిడ అచ్చియమ్మ దెప్పుతూనే ఉంటుంది. ఆవిడ మాటలో నిజం ఉంది కాబట్టి నేను జవాబు చెప్పను.

రోడ్డు దిగి నాలుగు కిలోమీటర్లు పైకి నడిస్తే కరకమెట్ట అనే ఊరు వస్తుంది. ముప్పై రెండు గడపలు. దారంతా రాళ్ళు, మధ్యలో గెడ్డ, అంటే కొండవాగు. మోటారు సైకిలు కూడా ఎక్కదు. రేషను బియ్యం, ఉప్పు, జ్వరం వచ్చిన మనిషి, సంతకు వెళ్ళే మిరియాలు, ఏదైనా మనిషి భుజం మీదే కదలాలి. ఒకప్పుడు ఊరి పెద్ద పోలయ్యకు ఒక పొట్టి గుర్రం ఉండేది. ఊరి బరువంతా అదే మోసేది. మూడేళ్ళ కిందట వానల్లో అది చచ్చిపోయింది.

సరిగ్గా ఆ తర్వాతే విశాఖపట్నంలో పైపులు తయారుచేసే కంపెనీ ఒకటి ఈ ఊరిని ఎంచుకుంది. ఆ కంపెనీ తరఫున సేవా కార్యక్రమాలు చూసే బిందుమాధవి మేడమ్ వచ్చి, నేల మీద పెద్ద చార్టు పరిచి, రంగు పెన్నులు పంచి, మీ ఊరికి ఏం కావాలో బొమ్మలు గీయమంది. అప్పుడు నేను అరవై కుర్చీలు మోయించుకుని వెళ్ళాను, ఒక్కరూ కూర్చోలేదు, అందరూ చార్టు మీద పడ్డారు. అరగంట తర్వాత చూస్తే చార్టు నిండా పదకొండు గుర్రాలున్నాయి. ఒకటి మేకలా ఉంది గానీ, అదీ గుర్రమేనని గీసినావిడ ఒట్టేసి చెప్పింది.

మేడమ్ ముఖం చిన్నబుచ్చుకుంది. "గుర్రం ఇవ్వడానికి వీల్లేదండీ. విద్య, వైద్యం, పారిశుద్ధ్యం అని మాకో లిస్టు ఉంటుంది. అందులో గుర్రం లేదు" అంది.

పోలయ్య బాగా ఆలోచించాడు. "ఆ లిస్టు మొత్తం సదవండమ్మా. దాన్లో గుర్రం లాటిది ఏదైనా ఉంటే అదే ఇద్దురు" అన్నాడు.

ఆ మార్చిలో ఊరికి ఇరవై చెత్తడబ్బాలు వచ్చాయి. తడిచెత్తకు పచ్చవి, పొడిచెత్తకు నీలివి. పారేయడానికి ఆ ఊళ్ళో ఏముందని? పచ్చవాటిలో సామలు పోసుకున్నారు, నీలివాటిలో కోళ్ళను పొదగేశారు. మరుసటి మార్చిలో చేతులు కడుక్కునే తొట్టి వచ్చింది. దానికి కాలితో తొక్కే పెడలు ఉంది. నీళ్ళు మాత్రం గెడ్డ నుంచి మోసుకొచ్చి పొయ్యాలి. పాపం, మేడమ్ చెడ్డమనిషి కాదు. ప్రతిసారీ పై ఆఫీసుకు గుర్రం అని రాసి పంపేది, ప్రతిసారీ ఇంకేదో వచ్చేది.

ఈ మార్చిలో టీవీ గది వంతు వచ్చింది. వేలితో ముట్టుకుంటే పాఠాలు చెప్పే టీవీ అట. ప్రారంభించడానికి పెద్దసారే స్వయంగా వస్తున్నాడని, ఆయనకు రెండు మోకాళ్ళూ అరిగిపోయాయని, మేడమ్ నాకు ఫోను చేసింది.

"వరహాలరావుగారూ, మీ గుర్రం ఒక్క పూటకి కావాలండీ."

"అది పెళ్ళిళ్ళ గుర్రం మేడమ్. కొండలెక్కే గుర్రం కాదు."

"సార్ పైకి రాకపోతే నా ఉద్యోగం ఉండదండీ."

అచ్చియమ్మ పక్కనుంచి వింటోంది. "ఆడకూతురు అలాగడుగుతుంటే ఇయ్యడానికేటి?" అంది. సరే అన్నాను. ఆ పూటకి అయిదోనాడే ఎస్.కోటలో పెళ్ళి ఒప్పుకున్నాను, గుర్రానికి ఏమైనా అయితే మీదే పూచీ అని మాత్రం మేడమ్‌కు రెండుసార్లు చెప్పాను.

ఆ రోజు పెద్దసారును ముగ్గురం పట్టి సుందరి మీదికి ఎక్కించాం. ఆయన జీనును రెండు చేతులా వాటేసుకుని కళ్ళు మూసుకున్నాడు. ముందు నేను తాడు పట్టుకుని, వెనక మేడమ్, ఆ వెనక ఫొటోగ్రాఫరు, అతని వెనక నా కుర్చీలు మోసేవాళ్ళు. సుందరి ప్రతి రాయి దగ్గరా ఆగి నావైపు చూసేది.

ఈ యేడు చైత్రం ముందే వచ్చింది. కొండ ఊళ్ళన్నిటా గిరిజనుల విత్తనాల పండగ, ఇటుకల పండగ నడుస్తోంది. ఆ పండగ రోజుల్లో ఆడవాళ్ళు దారికి అడ్డంగా దుంగ వేస్తారు. వచ్చిన వాళ్ళెవరైనా సరే, ఏదో ఒకటి ఇచ్చుకుంటే గానీ దుంగ తియ్యరు. బస్సును ఆపుతారు, పోలీసు జీపునూ ఆపుతారు, పెళ్ళివాళ్ళనూ ఆపుతారు. ఊరి మలుపులో పదిహేనుమంది ఆడవాళ్ళు పాడుతూ మాకు అడ్డం నిలబడ్డారు. వాళ్ళ ముందు గెమ్మెలి చిలకమ్మ ఉంది. మనిషి పొట్టి, గొంతు మాత్రం నా మైకు సెట్టుకు తీసిపోదు.

మేడమ్ గబగబా నా పక్కకొచ్చింది. "ధర్నానా?" అంది నా చెవిలో.

"పండగ మేడమ్. ఏదో ఒకటి చేతిలో పెడితే పంపించేత్తారు."

పెద్దసారు జేబులు తడుముకున్నాడు. ఆయన దగ్గర ఫోను తప్ప ఏమీ లేదు. ఫోనులో డబ్బు పంపుతానన్నాడు, అక్కడ సిగ్నలు లేదు. మేడమ్ బ్యాగు కింద జీపులో ఉంది. ఫొటోగ్రాఫరు ఆకాశంలోకి చూశాడు.

ఇక్కడ నా తప్పు నేనే ఒప్పుకోవాలి. నా బనీను జేబులో అయిదువందల నోటు ఉంది. తీసి ఇస్తే ఈ కథే లేదు. కానీ అంత పెద్ద కంపెనీ గుర్రమెక్కి కూర్చుని ఉండగా నా జేబులోంచి నేనెందుకు తియ్యాలని నాకు రోషం వచ్చింది. నోరు మూసుకుని నిలబడ్డాను.

చిలకమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని మమ్మల్ని ఎగాదిగా చూసింది. "డబ్బుల్లేపోతే ఆ గుర్రాన్నొదిలేసి ఎల్లండి" అంది. ఆడవాళ్ళంతా పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. అది వేళాకోళమని అక్కడ అందరికీ తెలుసు, ఒక్క పెద్దసారుకు తప్ప.

ఆమె ఏమంటోందని ఆయన మేడమ్‌ను అడిగాడు. వీళ్ళు రెండేళ్ళుగా గుర్రమే అడుగుతున్నారు సార్ అని మేడమ్ ఉన్నమాట చెప్పింది. పెద్దసారు కళ్ళు చెమర్చాయి. కిందికి దింపమన్నాడు. నా చేతిలోంచి తాడు తీసుకున్నాడు, నేను ఏదో కాలు సాగదీసుకుంటాడు కాబోలనుకున్నాను. ఆయన నేరుగా చిలకమ్మ దగ్గరికి వెళ్ళి తాడు ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఈ రోజు నుంచి ఈ గుర్రం కరకమెట్ట ప్రజలది!"

వెలుగు సరిగ్గా పడలేదు సార్, ఇంకోసారి అన్నాడు ఫొటోగ్రాఫరు. పెద్దసారు తాడు వెనక్కు తీసుకుని మళ్ళీ ఇచ్చాడు. చిలకమ్మ నవ్వలేదని మూడోసారి కూడా ఇచ్చాడు. నా కళ్ళ ముందే నా గుర్రాన్ని మూడుసార్లు దానం చేశాడు.

"సార్, అది..." అని నేను నోరు తెరిచాను. మేడమ్ నా మోచేయి గట్టిగా పట్టుకుంది. "ప్లీజ్, ఇప్పుడొద్దు. నేను చూసుకుంటాను" అంది. నేను ఆగిపోయాను.

టీవీ గది రిబ్బను కత్తిరించారు. టీవీ వెలిగింది, "నెట్‌వర్క్ లేదు" అని చూపించింది, అందరూ చప్పట్లు కొట్టారు. ఒక కాగితం మీద ఊరివాళ్ళంతా వేలిముద్రలు వేశారు. నాకు ఏ సందడీ చెవికెక్కలేదు. చింతచెట్టు మొదట్లో కట్టేసి ఉన్న సుందరినే చూస్తున్నాను.

తిరుగు ప్రయాణంలో పెద్దసారు ఎలా దిగుతాడన్న ప్రశ్న వచ్చింది. "గుర్రమెక్కి దిగిపోండి బావూ, రోడ్డుకాడ వదిలేద్దురు" అన్నాడు పోలయ్య. ఇచ్చింది మళ్ళీ ముట్టుకోనని పెద్దసారు చేతులు జోడించాడు. ఇక చేసేదేముంది, రోగుల్ని మోసే డోలీ తీశారు. పోలయ్యా ఇంకో ముగ్గురూ కర్రకు దుప్పటి కట్టి, ఆయన్ను అందులో కూర్చోబెట్టి, నాలుగు కిలోమీటర్లు మోసుకొచ్చారు. మీ సంప్రదాయం చాలా గొప్పదని ఆయన దారి పొడుగునా వాళ్ళను మెచ్చుకున్నాడు. వాళ్ళు ఆయాసపడుతూ భుజాలు మార్చుకున్నారు.

మర్నాడు మేడమ్‌కు ఫోను చేశాను. ఆమె రాత్రంతా ఏడ్చినట్టుంది గొంతు.

"కంపెనీ చేత మీ గుర్రం కొనిపిస్తానండీ. కానీ కొనాలంటే మూడు కొటేషన్లు ఉండాలి."

"నా గుర్రానికి ఇంకో ఇద్దరు రేటెలా సెప్తారు మేడమ్?"

"అదేనండీ సమస్య. పైగా ఇచ్చేశాక కొన్నట్టు రాయకూడదట."

"నాకు డబ్బులొద్దు. నా గుర్రం నాకు ఇప్పించండి."

"ఫొటో పేపర్లో కూడా వచ్చేసిందండీ" అని ఆమె ఫోను పెట్టేసింది.

మూడు రోజులు నేను ఇంట్లో పులిలా తిరిగాను. కంపెనీని తిట్టాను. తర్వాత కరకమెట్ట వాళ్ళను తిట్టాను. నాది అని తెలిసీ కట్టేసుకున్నారు, ఎంత లోభం, ఇన్నేళ్ళు నా కుర్చీల్లో కూర్చున్న విశ్వాసమైనా లేదు అని అచ్చియమ్మ ముందు కేకలేశాను. ఈపాటికి నా సుందరి వీపు మీద ఎన్ని బస్తాలు వేశారోనని తలుచుకుని అన్నం మానేశాను. "అంతేడిసే బదులు ఎల్లి అడుగు" అంది అచ్చియమ్మ. నాలుగోరోజు పొద్దున్నే, తెల్లారితే పెళ్ళి అనగా, కొండెక్కాను. దారంతా ఏమేమి తిట్టాలో పాఠంలా వల్లెవేసుకున్నాను.

చిలకమ్మ పశువుల పాకలో సుందరికి గడ్డి వేస్తోంది. నన్ను చూడగానే, "ఏటి సావుకారూ, ఇంతాలీసెం? ఫొటో అయిన సాయంత్రమే వత్తావనుకున్నాం" అంది.

వల్లెవేసిన తిట్లన్నీ మరిచిపోయాను. "అంటే... తీసుకెళ్తానని తెల్సా నీకు?" అన్నాను.

"తెలీకేటి? మునుపు ఒకలొచ్చి కుట్టుమిషన్లు అయిదిచ్చి, ఫొటో తీసి, నాలుగు జీపులో ఏసుకుపోనారు. ఫొటో తీత్తే పట్టుకుపోతారు గదా, అది మాకలవాటే. నీ గుర్రం నీదే. ఆ సారుది కాదు గదా ఆయన ఇయ్యడానికి? గెడ్డనీళ్ళు మావే, ఆటికి నెల్లాళ్ళైనా ఆగని గొట్టమేసి నీళ్ళిచ్చినామని బోర్డెట్టినారు. ఇదీ అలాటిదే."

సుందరిని తడిమి చూశాను. ఒళ్ళు కడిగి ఉంది. ముందుకాలి గిట్టలో రాయి గుచ్చుకుంటే పోలయ్య తీసి, వేడి నూనె రాశాడట. వీపు మీద తాడు ఒరుసుకున్న గుర్తు ఒక్కటి కూడా లేదు. పాక గుమ్మంలో మూడు రేషను బస్తాలు కనిపించాయి.

"ఇవెవరు మోసుకొచ్చారు?"

"మేమే. నిన్న బియ్యమిచ్చినారు."

"గుర్రముంది కదా!"

"పెళ్ళిగుర్రం కదేటి సావుకారూ. దాన్నడుం నెప్పెడితే నువ్వూరుకుంతావేటి?"

నాకు సిగ్గేసింది. నాలుగు రోజులుగా వీళ్ళను దొంగలన్నాను. వీళ్ళేమో నా గుర్రాన్ని పక్కన పెట్టుకుని తమ వీపుల మీదే బస్తాలు మోసుకున్నారు.

తాడు విప్పుతుంటే పోలయ్య వచ్చాడు. ఆయనలో కోపమేమీ లేదు, వానల సంగతి మాట్లాడినట్టే మాట్లాడాడు. "ఆ రోజు కాయితం మీద ఏలిముద్రలేసినాం గదా బావూ. గుర్రం ముట్టిందని రాసినారట. ఇంక గుర్రం అడగడానికి లేదన్నాది మేడమ్. ఆఫీసు కాయితంలో మాకు గుర్రముందట."

సుందరిని తోలుకుని దిగిపోయాను.

ఎస్.కోటలో పెళ్ళి ఘనంగా జరిగింది. పెళ్ళికొడుకు బరువైనవాడు, పైగా కదలకుండా కూర్చోలేడు. వాడి స్నేహితులు డీజే ముందు గంటన్నర గంతులేశారు. ఆ గంటన్నరలో సుందరి మొత్తం రెండు వందల గజాలు నడిచి ఉంటుంది. ప్రతిసారీ ఆ నడక చూసి మురిసిపోయేవాణ్ణి. ఆ రోజు మాత్రం దాని మీద పెళ్ళికొడుకు కాకుండా బియ్యం బస్తా కనబడుతోంది నాకు. విసుగొచ్చి బ్యాండువాళ్ళ మీద అరిచాను. వాళ్ళు నేను తాగానని అనుకున్నారు.

పెళ్ళైన మూడోనాడు ముఖమల్ జీను తీసేసి సుందరి వీపు మీద దళసరి గోనె కట్టాను. అచ్చియమ్మ ఎక్కడికని అడగలేదు. గుడ్డలో ఇంత బెల్లం కట్టి నా చేతికిచ్చింది. "కొత్తసోటు. రోజూ పెట్టమని సెప్పు" అంది.

చిలకమ్మ గెడ్డ దగ్గర గిన్నెలు తోముతోంది. గుర్రంతో వస్తున్న నన్ను చూసి లేచి నిలబడింది. "ఏటి మరిసిపోనావు సావుకారూ?" అంది.

"ఏటీ మర్సిపోలేదు. దీన్ని నీకాడే ఉంచు చిలకమ్మప్పా. పెళ్ళుంటే నేనొచ్చి తీసుకెళ్తాను, అవగానే తెచ్చేత్తాను. మిగతా రోజులు మీ బస్తాలెయ్యండి."

"ఏ కంపెనీ?"

"ఏ కంపెనీ కాదు. నేనే."

ఆవిడ సుందరి వీపు మీది గోనె తట్టి చూసింది. నమ్మినట్టు కనిపించలేదు. అయినా తాడూ, అచ్చియమ్మ కట్టిచ్చిన బెల్లమూ అందుకుంది. రోడ్డు నుంచి బస్తా మోసుకొస్తున్న పోలయ్య దాన్ని అక్కడ దింపి, గుర్రం కాళ్ళు తడిమి, పళ్ళు చూసి, "మెల్లగా అలవాటు సెయ్యాలి, ముందు సగం బస్తాయే" అన్నాడు. సుందరి చిలకమ్మ చేతిలోని బెల్లం నాకుతూ నావైపు తల తిప్పనైనా తిప్పలేదు. నాకు ఏడుపొచ్చింది. కడుపు మంట కూడా కలిగింది. అంత దువ్విన జూలు, అంత పెట్టిన బెల్లం, ఒక్క నిమిషంలో మరిచిపోయిందే అనిపించింది. సగం బస్తా వీపు మీద పెట్టగానే అది చెవులు నిక్కించి, ఎక్కడికి వెళ్ళాలో తనకే తెలిసినట్టు ఎగువకు నడవబోయింది. ఊరి పిల్లలంతా కేరింతలు కొట్టారు.

ఆ క్షణంలో నా సుందరి ఎంత అందంగా ఉందో చెప్పలేను. మళ్ళీ పెళ్ళి ఎప్పుడొస్తుందో, ఎప్పుడు చూస్తానో. జేబులోంచి ఫోను తీసి దానివైపు ఎత్తాను.

చిలకమ్మ నవ్వు ఆగిపోయింది. పోలయ్య బస్తా మీద చెయ్యి వేశాడు, దింపడానికి. ఆవిడ నాలుగడుగులు వెనక్కొచ్చి, తాడు నా ముందుకు చాపింది. గొంతులో నిష్ఠూరం లేదు, అలవాటే ఉంది.

"ఫొటో తీత్తన్నావేటి సావుకారూ? అయితే పట్టుకుపో."

నేను ఫోను గబగబా జేబులో కుక్కేశాను.

"లేదప్పా," అన్నాను, "టైమెంతయిందో సూసేను."